చిన్న కుక్కకు గ్రాముల లెక్క: బరువు అదుపులో ఉంచే మార్గదర్శి

నాలుగు కిలోల కుక్క ఒక్క కిలో పెరిగిందంటే, అరవై కిలోల మనిషి డెబ్బై అయిదుకు చేరినట్టు. చూసేవాళ్లకు మాత్రం అలా అనిపించదు. ఒక కిలోయే కదా అనుకుంటాం. పైన బొచ్చు కప్పేస్తుంది. బొద్దుగా ఉంటే ఇంకా ముద్దుగా ఉందని వచ్చినవాళ్లు ఎత్తుకుంటారు. ఇంట్లో రోజూ కళ్ల ముందే తిరుగుతుంది కాబట్టి మార్పు అసలు తెలియదు.

మా కుక్క పేరు చిన్ని, పోమరేనియన్ జాతి. ఏడాది వయసులో సరిగ్గా నాలుగు కిలోలు ఉండేది. మూడేళ్లు నిండేసరికి 4.8 అయింది. టీకాకి తీసుకెళ్లినప్పుడు డాక్టర్ దాని పక్కటెముకల మీద వేళ్లు ఆనించి, "మీరూ ఇక్కడ చేయి పెట్టి చూడండి" అన్నారు. పెట్టాను. ఎముక తగల్లేదు, మెత్తగా దిండులా ఉంది. రోజూ నిమిరే ఒళ్లే, నాకు ఎప్పుడూ తెలియలేదు. ఆ తర్వాత ఆరు నెలల్లో నేర్చుకున్నదీ, తప్పు చేసి దిద్దుకున్నదీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇది ముఖ్యంగా పది కిలోల లోపు ఉండి, ఎదుగుదల పూర్తయి, ఆరోగ్యంగా ఉన్న కుక్కల గురించి. కూనలు, ముసలివి, జబ్బుతో ఉన్నవాటి సంగతి చివర్లో విడిగా చెప్పాను.

ముందుగా, ఇంత పట్టింపు ఎందుకంటే

చిన్న జాతుల శరీరంలో కొన్ని బలహీనతలు పుట్టుకతోనే ఉంటాయి. పోమరేనియన్, యార్క్‌షైర్ టెర్రియర్, చివావా లాంటివాటికి శ్వాసనాళం మెత్తబడి నొక్కుకుపోయే జబ్బు ఎక్కువ. ఉత్సాహం వచ్చినప్పుడు బాతు అరిచినట్టు పొడి దగ్గు వస్తుంటుంది. మోకాలి చిప్ప పక్కకు జారడం చిన్న కుక్కల్లో తరచూ కనిపించే సమస్య. నాలుగడుగులు మామూలుగా వేసి ఒక్కసారి కాలు పైకెత్తి గెంతుతుంటే చాలామటుకు అదే. డాష్‌హండ్‌లకు వెన్నులో డిస్క్ జారితే వెనక కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు మామూలుగానే గాలి చాలదు. ఈ ప్రతి ఒక్కదాన్నీ కొవ్వు మరింత కష్టం చేస్తుంది. బరువు తగ్గితే ఈ జబ్బులు మాయమవవు గానీ, దగ్గు, కుంటడం, ఆయాసం చాలా కుక్కల్లో తేలికపడతాయి.

ఆయుష్షు మాట కూడా చెప్పాలి. 2002లో వెలువడిన ఒక దీర్ఘకాల పరిశోధనలో 48 లాబ్రడార్లను కూన వయసు నుంచి చివరిదాకా గమనించారు. ఒకే ఈతలో పుట్టినవాటిని జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెట్టారు. సన్నగా పెరిగినవి మధ్యస్థంగా 13 ఏళ్లు, మిగతావి 11.2 ఏళ్లు బతికాయి. కీళ్ల నొప్పులు కూడా సన్నటివాటికి ఆలస్యంగా వచ్చాయి. అవి పెద్ద జాతి కుక్కలు, నిజమే. అయినా దాదాపు రెండేళ్ల తేడా అని చదివినప్పుడు నేను చిన్ని వైపు చూసి చాలాసేపు ఊరుకుండిపోయాను.

మొదటి అడుగు: చేత్తో చూడండి

కాటా కంటే ముందు చెయ్యి. బొచ్చు కుక్కల విషయంలో కంటిని అస్సలు నమ్మకూడదు.

మీ అరచేతిని నేల వైపు తిప్పి చాపి, రెండో చేతి వేళ్లతో ఆ చేతి వెనక భాగాన్ని, వేళ్ల మొదళ్ల దగ్గర తడమండి. ఎముకలు సన్నటి పొర కింద తేలిగ్గా తగులుతాయి. సరైన బరువున్న కుక్క పక్కటెముకలు అలా తగలాలి. ఇప్పుడు పిడికిలి బిగించి మెటికల మీద తడమండి. పక్కటెముకలు అలా పొడుచుకొచ్చినట్టు ఉంటే కుక్క బక్కచిక్కినట్టు. చివరగా అరచేతిలో బొటనవేలి కింది మెత్తటి కండను నొక్కండి. పక్కటెముకల మీద అలా మెత్తగా ఉండి, వెతికితే గానీ ఎముక దొరకకపోతే బరువు ఎక్కువైనట్టు.

తర్వాత పైనుంచి చూడండి. పక్కటెముకల వెనక నడుము లోపలికి తగ్గి కనిపించాలి. పక్కనుంచి చూస్తే ఛాతీ కంటే పొట్ట పైకి లాగినట్టు ఉండాలి. ఇవి చూడటానికి మంచి సమయం స్నానం చేయించేటప్పుడు, బొచ్చు తడిసి ఒంటికి అతుక్కున్నప్పుడు. తోక మొదట్లో, మెడ దగ్గర కొవ్వు ముద్దలు పేరుకున్నాయేమో కూడా తడమండి.

పశువైద్యులు దీన్ని 1 నుంచి 9 దాకా అంకెలతో కొలుస్తారు. 4, 5 సరైన స్థితి. 6 అంటే కాస్త ఎక్కువ, 7 అంటే బాగా ఎక్కువ, 8, 9 అంటే ఊబకాయం. 1 నుంచి 3 దాకా బక్కతనం. 5 దాటిన ప్రతి అంకెకీ సుమారు 10 శాతం అదనపు బరువని ఒక మోటు లెక్క. మొదటిసారి డాక్టర్ చేత అంకె వేయించుకోండి. సొంత కుక్కకు మనం ఎప్పుడూ ఒక అంకె తగ్గించే వేస్తాం. నేను చిన్నికి 5 అనుకున్నాను, డాక్టర్ 7 అన్నారు.

రెండో అడుగు: కాటా సంగతి

మనం కాటా ఎక్కి, తర్వాత కుక్కను ఎత్తుకుని ఎక్కి తేడా తీయడం అందరికీ తెలిసిన పద్ధతి. పెద్ద కుక్కలకు అది సరిపోతుంది. నాలుగు కిలోల కుక్కకు సరిపోదు. ఇంట్లో కాటా వంద గ్రాములు అటూ ఇటూ చూపిస్తే ఆ తప్పే కుక్క బరువులో రెండున్నర శాతం. వారంలో తగ్గాల్సిన బరువు కంటే అది ఎక్కువ. పసిపిల్లలను తూచే కాటా దొరికితే మేలు. మరీ చిన్న కుక్క అయితే దాని బరువును మోయగలిగే వంటింటి డిజిటల్ కాటా మీద ట్రే పెట్టి కూర్చోబెట్టవచ్చు. లేదంటే ఆసుపత్రిలో కాటా మీద ఎక్కించి రాసుకు రావచ్చు.

ఎక్కడ తూచినా ఎప్పుడూ ఒకే కాటా, ఒకే సమయం. పొద్దున్నే, బయటికి తీసుకెళ్లి వచ్చాక, తిండి పెట్టకముందు. మామూలుగా నెలకోసారి చాలు. బరువు తగ్గిస్తున్నప్పుడు వారానికోసారి, లేదా రెండు వారాలకోసారి. రోజూ తూచవద్దు. నీళ్లు తాగినా బరువు మారుతుంది, మనకు అనవసరమైన టెన్షన్.

మూడో అడుగు: ఎంత ఉండాలో తేల్చుకోవడం

జాతి పేరు చూసి ఇంటర్నెట్‌లో దొరికే పట్టికలను గుడ్డిగా పట్టుకోకండి. ఒకే జాతిలో ఎముక పెద్దవీ ఉంటాయి, చిన్నవీ ఉంటాయి. ఇంతకంటే మంచి ఆధారం ఒకటి మీ దగ్గరే ఉండవచ్చు. చిన్న కుక్కలు చాలామటుకు ఏడాది లోపే పూర్తిగా ఎదుగుతాయి. ఎదుగుదల ఆగిన ఆ రోజుల్లో మీ కుక్క నడుము చక్కగా కనిపించేదైతే, అప్పటి టీకా కార్డు మీద రాసిన బరువే దాని అసలు బరువు కావచ్చు.

కార్డు లేకపోతే అంకెల లెక్క వాడండి. ఇప్పుడు 4.8 కిలోలు, స్థితి 7. అంటే సుమారు 20 శాతం ఎక్కువ. 4.8ని 1.2తో భాగిస్తే 4. చిన్నికి రెండు దారుల్లోనూ నాలుగే వచ్చింది. మీకు రెండూ కలవకపోతే డాక్టర్ మాటే ఖాయం.

నాలుగో అడుగు: రోజుకు ఎన్ని కేలరీలు

కదలకుండా పడుకున్నా శరీరం నడవడానికి కొంత శక్తి కావాలి. దాన్ని లెక్కగట్టే సూత్రం పశువైద్యంలో ఒకటుంది. ఉండాల్సిన బరువును కిలోల్లో తీసుకుని, ఆ అంకెను మూడుసార్లు రాసి ఒకదానితో ఒకటి గుణించాలి. వచ్చిన అంకెకు క్యాలిక్యులేటర్‌లో వర్గమూలం గుర్తును రెండుసార్లు నొక్కాలి. దాన్ని 70తో గుణించాలి. నాలుగు కిలోలకు చేసి చూద్దాం. 4×4×4 అంటే 64. ఒకసారి నొక్కితే 8, రెండోసారి 2.83. దాన్ని 70తో గుణిస్తే దాదాపు 198. ఇది విశ్రాంతి అవసరం.

మామూలు రోజు గడవడానికి దీన్ని 1.6తో గుణిస్తారు. ఇది ఎదుగుదల పూర్తయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్కకు. ఎక్కువగా ఒళ్లో కూర్చునే, సులువుగా ఒళ్లు చేసే కుక్కకు 1.4, కొన్నిటికి 1.2 చాలు. ఉండాల్సిన బరువును బట్టి రోజంతటికీ కలిపి, 1.4 నుంచి 1.6 మధ్య లెక్క ఇలా వస్తుంది:

2 కిలోలు: 165 నుంచి 190 కేలరీలు
3 కిలోలు: 225 నుంచి 255
4 కిలోలు: 275 నుంచి 315
5 కిలోలు: 330 నుంచి 375
6 కిలోలు: 375 నుంచి 430
8 కిలోలు: 465 నుంచి 535
10 కిలోలు: 550 నుంచి 630

ఇవి మొదలుపెట్టడానికి అంకెలు మాత్రమే. ఒకే బరువున్న రెండు కుక్కల అవసరాల్లో చాలా తేడా ఉండవచ్చు. చివరి మాట ఎప్పుడూ కాటాదీ, పక్కటెముకల మీద మీ చేతిదీ.

ఆపరేషన్ గురించి ఇక్కడే ఒక మాట. ఆ తర్వాత కుక్కకు కావాల్సిన శక్తి తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. పాత కొలతే కొనసాగిస్తే కొన్ని నెలల్లో నడుము పోతుంది. ఆపరేషన్ మంచిదే, చేయించండి. కుట్లు విప్పించడానికి వెళ్లిన రోజే తిండి ఎంత తగ్గించాలో కూడా అడగండి. మేము అడగలేదు. చిన్ని బరువు పెరగడం అక్కడే మొదలైందని ఇప్పుడు అర్థమవుతోంది.

అయిదో అడుగు: వారం రోజుల చీటీ

అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఇదే. గిన్నెలో పెట్టే తిండిని ఇంకా తాకకండి. ముందు ఒక కాగితం ఫ్రిజ్ తలుపు మీద అతికించి, ఇంట్లో ఎవరు కుక్క నోట్లో ఏం పెట్టినా అక్కడ రాయాలని చెప్పండి. ఎవరినీ తప్పు పట్టబోమని ముందే మాటివ్వండి. లేకపోతే నిజం రాయరు.

మా చీటీలో మొదటి రోజు చూస్తే: అత్తయ్య పెట్టిన బ్రెడ్ అంచు సుమారు 20 కేలరీలు. మావారు నడకలో ఇచ్చిన చిన్న బిస్కెట్లు నాలుగు, ఒక్కోటి 10. మాత్ర మింగించడానికి నేను చుట్టిన పది గ్రాముల చీజ్ ముక్క, 40. రాత్రి పళ్లకు మంచిదని అబ్బాయి ఇచ్చే నమిలే పుల్ల, 30. మొత్తం 130. చిన్ని రోజు అవసరం 280. ఎవరూ ఎక్కువ పెట్టలేదు, అందరూ కొంచెమే పెట్టారు. అందరి కొంచెమూ కలిసి దాదాపు సగం రోజు తిండి అయింది, గిన్నెలో పూర్తి తిండి పెట్టాక.

ఆ చీజ్ ముక్కనే తీసుకోండి. 280లో 40 అంటే ఏడో వంతు. రోజుకు రెండు వేల కేలరీలు తినే మనిషికి అది 285 కేలరీలతో సమానం. మన వేలి కొస అంత ముక్క దానికి ఒక ఫలహారం. ఇది అర్థమైన రోజు నుంచి ఇంట్లో ఎవరికీ వేరే చెప్పాల్సిన అవసరం రాలేదు.

చీటీలో మరిచిపోయేవి ఇవి: మాత్రకు చుట్టే పదార్థం, పళ్ల కోసం ఇచ్చే పుల్లలు, గిన్నెలో పైన వేసే చెంచాడు నూనె (చిన్న చెంచాకు సుమారు 40 కేలరీలు), పిల్లలు కింద పడేసే తిండి, ఇంకో కుక్క గిన్నెలో మిగిలింది, పక్కింటివాళ్లు ప్రేమగా పెట్టేది. పక్కింటివాళ్లకు చెప్పడం కష్టంగా ఉంటే, మీ కుక్క తినే డాగ్ ఫుడ్‌లోంచే నాలుగు గింజలు వాళ్ల చేతిలో పెట్టి "ఇవి పెట్టండి, దీనికి ఇవంటేనే ఇష్టం" అనండి. వాళ్ల సంతోషం వాళ్లకు ఉంటుంది.

చిరుతిండి మొత్తం రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదన్నది పశువైద్యులు చెప్పే హద్దు. 280లో అది 28. కీర దోసకాయ వంద గ్రాములకు 15 కేలరీలు, క్యారెట్ సుమారు 40. అందుకే చిన్న కీర ముక్కలు ఎంతో ఆదుకుంటాయి. గొంతులో అడ్డుపడకుండా చిన్నగా తరగండి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, మకడేమియా గింజలు మాత్రం ఇవ్వకూడదు. జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కలకు ప్రాణాంతకం. చక్కెర లేనివని అమ్మే చూయింగ్ గమ్, మిఠాయిల్లో, కొన్ని వేరుశనగ బటర్లలో అది ఉంటుంది. చిన్న కుక్కకు కొంచెం చాలు ప్రాణం మీదికి రావడానికి.

ఆరో అడుగు: గ్రాముల్లో తూచి, డబ్బాలో పోసి

డాగ్ ఫుడ్ ప్యాకెట్ మీద వంద గ్రాములకో, కిలోకో ఎన్ని కిలో కేలరీలో రాసి ఉంటుంది. మనం మామూలుగా కేలరీ అనేది దాన్నే. రాసి లేకపోతే కంపెనీని అడగండి. పొడి గింజల ఆహారంలో చాలావాటికి వంద గ్రాములకు 350 నుంచి 400 మధ్య ఉంటుంది.

లెక్క ఇలా. రోజుకు 280లో చిరుతిండికి 28 తీసేస్తే 252 మిగిలింది. ప్యాకెట్ మీద వంద గ్రాములకు 370 అని ఉంటే, 252ని 370తో భాగించి వందతో గుణిస్తే 68 గ్రాములు. అదీ రోజు మొత్తానికి. ప్యాకెట్ మీది పట్టిక కూడా చూడండి గానీ, అందులో ఇప్పటి బరువు కాకుండా ఉండాల్సిన బరువు ఎదురుగా ఉన్న అంకె తీసుకోండి.

కప్పుతో కొలవకండి. ఒకే కప్పు ఒకరు నింపితే ఒకలా, ఇంకొకరు నింపితే ఇంకోలా వస్తుంది. పది గ్రాముల తేడా పెద్ద కుక్కకు లెక్కలోకి రాదు. 68 గ్రాములు తినే కుక్కకు అది ఏడో వంతు. వంటింటి డిజిటల్ కాటా కొని, దాని మీద గిన్నె పెట్టి తూచండి. కుక్క కోసం మీరు కొనే వస్తువుల్లో దీనికంటే పనికొచ్చేది లేదని నా నమ్మకం.

ఇక డబ్బా. పొద్దున్నే ఆ రోజు తిండంతా తూచి ఒక మూత డబ్బాలో పోయండి. రెండు పూటల భోజనం, నడకలో ఇచ్చే గింజలు, "కూర్చో" అంటే కూర్చున్నందుకు బహుమతి, అన్నీ అందులోంచే. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. "ఇందాక తిన్నదా లేదా" అన్న సందేహం ఉండదు. కుక్కకు గింజ రుచి కంటే మన చేతిలోంచి రావడమే ముఖ్యమని మా ఇంట్లో చూశాం. చిన్ని బిస్కెట్ ముక్కకు ఎంత తోక ఊపేదో, డబ్బాలోంచి తీసిన తన మామూలు గింజకూ అంతే ఊపింది.

రోజంతా గిన్నె నింపి వదిలేసే అలవాటుంటే మానేయండి. రెండు పూటలు, మరీ చిన్నదైతే మూడు పూటలు పెట్టి, ఇరవై నిమిషాల్లో గిన్నె తీసేయండి. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి. గబగబా మింగేసే కుక్క అయితే గింజలను తువ్వాలు మడతల్లో దాచండి, లేదా లోపల గింజలు పోసి దొర్లించే బంతి ఇవ్వండి. అదే తిండికి పావుగంట పని దొరుకుతుంది.

ఇంట్లో వండి పెట్టేవాళ్లకు కూడా తూకం వర్తిస్తుంది. కానీ కేవలం కొలత తగ్గించి ఊరుకుంటే సరిపోదు. క్యాల్షియం మొదలైన పోషకాలు సరిగ్గా అందేలా పశువైద్య పోషకాహార నిపుణుల చేత వంటకం రాయించుకోవడం తప్పనిసరి.

ఏడో అడుగు: ఆ చూపును తట్టుకోవడం

కష్టమైన భాగం ఇదే. అన్నం తింటుంటే పక్కన కూర్చుని చూస్తుంది. ముందు కాలితో గోకుతుంది. కళ్లు పెద్దవి చేస్తుంది. నాకు గుండె తరుక్కుపోయేది.

అడగడం అంతా ఆకలి కాదు. అడిగితే వస్తుందని మనమే నేర్పాం. పదిసార్లు పెట్టకుండా పదకొండోసారి పెడితే, పదకొండుసార్లు అడగాలని నేర్చుకుంటుంది. అప్పుడప్పుడూ పెట్టడం రోజూ పెట్టడం కంటే ఆ అలవాటును గట్టిపరుస్తుంది. మానేసిన మొదటి వారం అడగడం ఇంకా పెరుగుతుంది, మొరుగుతుంది కూడా. ఓడిపోయేది అక్కడే. అది ఆ అలవాటు పోయేముందు చేసే చివరి ప్రయత్నం. గట్టిగా నిలబడితే మెల్లగా తగ్గుతుంది. మాకు దాదాపు మూడు వారాలు పట్టింది.

మీరు తినే సమయానికే దానికి కూడా దాని చోట తిండి పెట్టండి. తినడం అయ్యాక అడిగితే లేచి బంతి విసరండి, దువ్వండి, పక్కన కూర్చోబెట్టుకోండి. సగంసార్లు దానికి కావాల్సింది మనమే. ఇంట్లో పెద్దవాళ్లకు కుక్కకు పెట్టడం ఒక తోడు. అది వాళ్ల దగ్గర్నుంచి లాక్కోకండి. మా అత్తయ్యకు సాయంత్రం డబ్బా అప్పగించాం. సాయంత్రం పూట భోజనం ఆవిడ చేతి మీదుగానే. బ్రెడ్ అంచు గొడవ అప్పటినుంచి లేదు.

ఎనిమిదో అడుగు: నడక

నడక వల్ల కండ నిలుస్తుంది, కీళ్లు ఆడతాయి, కుక్క మనసు బాగుంటుంది. కానీ ఎక్కువ తినిపించి నడిపిస్తే సరిపోతుందనుకోవద్దు. నాలుగు కిలోల ఒళ్లు కిలోమీటరు నడవడానికి ఖర్చయ్యేది కొద్ది కేలరీలే, ఒక చిన్న బిస్కెట్‌తో తిరిగొచ్చేస్తాయి. బరువు తిండితో తగ్గుతుంది, ఆ తగ్గుదలలో కండ పోకుండా నడక కాపాడుతుంది.

ఇప్పుడు ఎంత నడుస్తుందో అక్కడినుంచి మొదలుపెట్టి, వారానికి అయిదేసి నిమిషాలు పెంచండి. ఒకేసారి గంట కంటే రోజుకు రెండు మూడు చిన్న నడకలు మేలు. మెడకు పట్టా బదులు ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వాడండి, శ్వాసనాళం మీద ఒత్తిడి పడదు. ఎండలో, ఉక్కలో వద్దు. కొవ్వు ఎక్కువున్న కుక్క ఒంటి వేడి త్వరగా దిగదు, చప్పిడి ముక్కువైతే మరీ ప్రమాదం. సోఫా మీంచి దూకడం, వెనక కాళ్ల మీద నిలబెట్టి ఆడించడం బరువు తగ్గేదాకా మానండి.

బరువు తగ్గించాల్సి వస్తే

ముందు డాక్టర్ దగ్గరికి. థైరాయిడ్ మందగించడం, కుషింగ్ అనే హార్మోను జబ్బు ఉన్నా కుక్క లావుగానో, పొట్ట వేలాడినట్టో కనిపిస్తుంది. స్టెరాయిడ్లు, మూర్ఛకు వాడే ఫినోబార్బిటాల్ ఆకలిని విపరీతంగా పెంచుతాయి. అలాంటి మందులను మీ అంతట మీరు ఆపకండి. జబ్బేమీ లేదని తేలాకే తిండి తగ్గించండి.

తగ్గించేటప్పుడు మొదలుపెట్టే అంకె ఉండాల్సిన బరువుకు వచ్చే విశ్రాంతి అవసరం, అంటే చిన్ని విషయంలో రోజుకు 200. వారానికి ఒంటి బరువులో 1 నుంచి 2 శాతం తగ్గితే చాలు. 4.8 కిలోలకు అది సుమారు 50 నుంచి 95 గ్రాములు. 800 గ్రాములు తగ్గడానికి రెండు నెలలకు పైన పట్టవచ్చు, నాలుగు నెలలు దాటవచ్చు కూడా. తొందరపడితే కొవ్వుతో పాటు కండ కరుగుతుంది. ఉపవాసాలు అస్సలు వద్దు.

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే ఉంది. మామూలు తిండినే బాగా తగ్గించి పెట్టాను. బరువు తగ్గింది గానీ చిన్ని నీరసపడింది, బొచ్చు మెరుపు పోయింది. మామూలు ఆహారంలో మాంసకృత్తులు, విటమిన్లు, ఖనిజాలు మామూలు మోతాదు తింటారన్న లెక్కతో కలుపుతారు. మోతాదు మరీ తగ్గిస్తే అవీ తగ్గిపోతాయి. బరువు తగ్గడానికే చేసిన ఆహారంలో కేలరీలు తక్కువ, మాంసకృత్తులు, పీచు, పోషకాలు ఎక్కువ. గిన్నె కూడా కాస్త నిండుగా కనిపిస్తుంది. డాక్టర్ చెప్పాక దానికి మారాం. వారం రోజులు పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెంగా పెంచుతూ కలిపితే కడుపు చెడదు. ఎక్కువ నీరుండే డబ్బా ఆహారం కూడా కొన్ని కుక్కలకు కడుపు నిండిన భావన ఇస్తుంది, కేలరీలు చూసుకుని వాడవచ్చు.

కొన్ని వారాలకు బరువు ఆగిపోవడం మామూలే. ఒళ్లు తగ్గేకొద్దీ ఖర్చయ్యే శక్తి కూడా తగ్గుతుంది. ముందు వారం చీటీ మళ్లీ అతికించండి. ఎక్కడో ఒక చెయ్యి జారి ఉంటుంది. అందులో ఏమీ దొరకకపోతే డాక్టర్‌తో మాట్లాడి 5 నుంచి 10 శాతం తగ్గించండి. కావాల్సిన బరువు చేరాక ఒక్కసారిగా పాత కొలతకు వెళ్లవద్దు. పది శాతం పెంచి, రెండు వారాలు తూచి చూసి, మళ్లీ కొంచెం పెంచుతూ బరువు నిలిచే చోట ఆగండి.

విడిగా చూడాల్సినవి

చిన్న జాతి కూనలకు ఆకలి పడితే రక్తంలో చక్కెర పడిపోతుంది. తూలడం, వణకడం, మత్తుగా పడిపోవడం అత్యవసరం. వాటికి రోజుకు మూడు నాలుగుసార్లు కూనల ఆహారం పెట్టాలి. బరువు తగ్గించే ఆలోచనే పెట్టుకోకూడదు.

ముసలి కుక్కలో కాటా అంకె మారకపోయినా కండ పోయి కొవ్వు చేరవచ్చు. వెన్నెముక పక్కన, తల మీద, తొడల మీద గుంటలు పడుతున్నాయేమో తడమండి. అలా ఉంటే తిండి తగ్గించడం పరిష్కారం కాదు, పరీక్షలు చేయించాలి.

మీరు తగ్గించకుండానే బరువు తగ్గుతుంటే అది సంతోషించే విషయం కాదు. బాగా తింటూ, ఎక్కువ నీళ్లు తాగుతూ చిక్కిపోతే మధుమేహం కావచ్చు. తినబోయి వదిలేస్తుంటే నోరు తెరిచి చూడండి, చిన్న కుక్కలకు పళ్ల జబ్బులు చాలా ఎక్కువ. కొవ్వు తిండి తిన్నాక వాంతులు, కడుపు నొప్పితో వంగిపోవడం క్లోమ వాపు లక్షణాలు. ఎదిగిన కుక్క అయినా ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే ఆలస్యం చేయకుండా చూపించండి.

ఇంట్లో రెండు కుక్కలుంటే వేర్వేరు గదుల్లో పెట్టి, తిన్నాక రెండు గిన్నెలూ తీసేయండి.

చిన్ని అయిదో నెల చివరికి 4.1కి వచ్చి, అక్కడే నిలిచింది. డాక్టర్ అది చాలన్నారు. ఇప్పటికీ ప్రతి నెల మొదటి ఆదివారం పొద్దున్నే కాటా తీస్తాం. అత్తయ్య అంకె చదువుతారు, అబ్బాయి రాస్తాడు. ఆ తర్వాతే డబ్బా మూత తెరుస్తాం.